ఆక్సిజన్‌కు అటూ ఇటూ: ఈథర్లకు పేరు పెట్టడంలో కొన్ని అనుభవ పాఠాలు

డిగ్రీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ చుట్టుపక్కల ఇంటర్ పిల్లలు, బీఎస్సీ పిల్లలు పుస్తకం పట్టుకొని వస్తుంటారు. వాళ్ళు ఎక్కువగా తెచ్చే సందేహం నామకరణమే. ఆల్కహాల్, ఆల్డిహైడ్, కీటోన్ పేర్లు గడగడా చెప్పే పిల్లవాడు కూడా ఈథర్ దగ్గరికొచ్చేసరికి నసుగుతాడు. అది తెలివితక్కువతనం కాదు. ఆ సమ్మేళనాల్లో ప్రమేయ సమూహం ఎక్కడ తగులుకొని ఉన్నా కార్బన్ గొలుసు ఒకటే. ఈథర్‌లో ఆక్సిజన్ నడిమధ్యన కూర్చొని గొలుసును రెండు ముక్కలు చేస్తుంది. ఇప్పుడు ఏ ముక్క పేరు నిలబెట్టాలి? ఈథర్ల నామకరణంలో నిజంగా బుర్ర పెట్టాల్సింది ఈ ఒక్క ప్రశ్న మీదే. మిగిలినదంతా అంకెలూ గీతలూ బ్రాకెట్లూ. చదివే పిల్లలకంటే, కొత్తగా పాఠం చెప్పడం మొదలుపెట్టినవాళ్ళకు ఈ మాటలు ఎక్కువ పనికొస్తాయని రాస్తున్నాను.

1. పేరు సంగతి తర్వాత, ముందు ఆక్సిజన్ పక్కన ఏముందో చూడండి

గీతలు లేకుండా కుదించి రాసిన ఫార్ములాలే పిల్లల్ని ముంచుతాయి. రెండు మిథైళ్ళ మధ్య ఒట్టి ‘ఓ’ ఉంటే అది ఈథర్. ‘సీఓ’ ఉంటే ఎసిటోన్. ‘సీఓఓ’ ఉంటే మిథైల్ ఎసిటేట్, అంటే ఎస్టర్. కంగారులో ఉన్న కంటికి మూడూ ఒకేలా కనబడతాయి. అందుకే ప్రతి ఫార్ములానూ బంధాలతో విడదీసి గీయమంటాను. ఆక్సిజన్‌కు రెండు పక్కలా కార్బనే ఉండాలి. ఆ కార్బన్లలో ఏదీ ఇంకో ఆక్సిజన్‌తో ద్విబంధంలో ఉండకూడదు. ఈ రెండూ సరిపోతేనే పెన్ను పేరు మీదికి వెళ్ళాలి.

పాత పుస్తకాల్లో ఇథైల్ ఎసిటేట్‌ను ఎసిటిక్ ఈథర్ అని రాసేవారు. ఎస్టర్, ఈథర్ కలిసిపోవడం ఇవాళ్టి జబ్బేమీ కాదు.

2. పెద్ద వైపు ఏదో తేల్చాకే నోరు తెరవండి

ఆక్సిజన్‌కు ఒక పక్క ఒక కార్బన్, ఇంకో పక్క వరుసగా మూడు కార్బన్లు ఉన్నాయనుకోండి. మూడున్న వైపు మూల హైడ్రోకార్బన్, అది ప్రొపేన్. ఒక్కటున్న వైపు ఆక్సిజన్‌ను వెంటబెట్టుకొని మిథాక్సీ అవుతుంది. మిథాక్సీ ప్రొపేన్‌లో చివరి కార్బన్‌కు తగులుకుంది కాబట్టి 1-మిథాక్సీప్రొపేన్. అదే మధ్య కార్బన్‌కు తగిలితే 2-మిథాక్సీప్రొపేన్. మనకు ఇంటిపేరు ముందొచ్చి సొంత పేరు వెనకొస్తుంది. ఐయూపీఏసీ పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది, అంతే తేడా. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ చిన్న వైపు లెక్కలోనే పడుతుంది.

ఒకసారి ఒక అమ్మాయి ఇదే సమ్మేళనానికి ప్రొపాక్సీమీథేన్ అని రాసింది. తప్పన్నాను. వదల్లేదు. “సార్, ఆ పేరు చూసి గీసినా ఇదే బొమ్మ వస్తుంది కదా, తప్పేముంది?” అంది. మంచి ప్రశ్న, జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్న. పేరు నుంచి బొమ్మ ఒక్కటే రావాలి, నిజమే. బొమ్మ నుంచి పేరు కూడా ఒక్కటే రావాలి. ఒకే పదార్థం ఒక సూచికలో ‘ఎం’ కిందా, ఇంకో సూచికలో ‘పి’ కిందా ఉంటే వెతికేవాడి గతేమిటి? 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు కూర్చొని కర్బన సమ్మేళనాల పేర్లకు కట్టుబాట్లు పెట్టుకున్నది ఈ గందరగోళం భరించలేకే. తర్వాత 1919లో ఏర్పడిన ఐయూపీఏసీ ఆ పనిని ఇప్పటికీ నడిపిస్తోంది.

‘పెద్ద వైపు’ అంటే మొత్తం కార్బన్ల గుంపు అనుకోకండి. పొడవైన గొలుసు అని అర్థం. టెర్షరీ బ్యుటైల్‌లో నాలుగు కార్బన్లున్నా గొలుసుగా నడిచేవి మూడే. దానికి అవతల నాలుగు కార్బన్ల తిన్నని గొలుసుంటే మూలం బ్యుటేనే. ఇక అవతల మూడు కార్బన్ల ప్రొపైల్ ఉంటే? రెండు వైపులా ప్రొపేనే. అప్పుడు ఎక్కువ ప్రతిక్షేపకాలు మోస్తున్న ప్రొపేన్‌ను తీసుకోవాలి. టెర్షరీ బ్యుటైల్ వైపున్న ప్రొపేన్ ఒక మిథైల్‌నూ ఒక ప్రొపాక్సీనీ మోస్తుంది. అవతలి ప్రొపేన్ మోసేది ఒక్కదాన్నే. అందుకని పేరు 2-మిథైల్-2-ప్రొపాక్సీప్రొపేన్. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైన పిల్లవాడికి మూలం ఎంచుకోవడంలో ఇక నేను చెప్పేది పెద్దగా ఉండదు.

ఇంకో చిన్న సంగతి. మిథాక్సీఈథేన్‌కు అంకె అక్కర్లేదు. ఈథేన్‌లో ఏ కార్బన్‌కు తగిలించినా ఒకటే. 1-మిథాక్సీఈథేన్ అని రాస్తే మార్కులు పోతాయని నేననను గానీ, పేపరు దిద్దేవాడికి రాసినవాడు ఆలోచించలేదని మాత్రం తెలిసిపోతుంది.

3. వలయం ఎదురైనప్పుడు మీ చేతిలో ఉన్నది ఏ పుస్తకమో చూసుకోండి

బెంజీన్ వలయానికి ఆక్సిజన్, దానికి మిథైల్ ఉంటే మిథాక్సీబెంజీన్. వాడుక పేరు ఎనిసోల్. మిథైల్ బదులు ఇథైల్ ఉంటే ఇథాక్సీబెంజీన్, వాడుకలో ఫెనిటోల్. ఇంతవరకు తగాదా లేదు.

బెంజీన్‌కు అవతల ఏడు కార్బన్ల గొలుసు ఉంటే మాత్రం తగాదా మొదలవుతుంది. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పట్టికలో దానికి 1-ఫీనాక్సీహెప్టేన్ అని ఉంటుంది. ఏడు ఆరు కంటే పెద్దది, కాబట్టి హెప్టేన్ మూలం అన్నది అక్కడి లెక్క. 2013 ఐయూపీఏసీ సిఫార్సుల ప్రకారమైతే వలయానికీ గొలుసుకూ పోటీ వచ్చినప్పుడు, గొలుసు ఎంత పొడవున్నా వలయానిదే పైచేయి. ఆ లెక్కన అది (హెప్టైలాక్సీ)బెంజీన్. నాలుగు కార్బన్ల వరకు మిథాక్సీ, ఇథాక్సీ, ప్రొపాక్సీ, బ్యుటాక్సీ అని కుదించి పలుకుతాం. ఐదు నుంచి పెంటైలాక్సీ, హెక్సైలాక్సీ అని పూర్తిగా రాస్తాం.

“మరి పరీక్షలో ఏది రాయాలి?” అని పిల్లలు అడుగుతారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఇంటర్ పరీక్షకు, ప్రవేశ పరీక్షలకు పుస్తకంలో ఉన్నదే రాయండి. నియమం ఎప్పుడు మారిందో అక్కడ వాదించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. పరిశోధన పత్రం రాసేటప్పుడు 2013 మాట వినండి. పాఠం చెప్పేవాళ్ళు మాత్రం రెండూ చెప్పాలి. నియమాలు ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, మనుషులు కూర్చొని రాసుకున్నారనీ, అవసరాన్ని బట్టి మార్చుకుంటారనీ పిల్లలకు తెలిసేది ఇలాంటి చోటే. 2013 సిఫార్సులు అంత కఠినంగా ఉండి కూడా ఎనిసోల్ అనే పాత పేరును కొట్టేయలేదు. అలవాటుకు ఆ మాత్రం గౌరవం ఇచ్చారు.

4. ఈథర్‌కు పరపదం లేదు, ఎప్పటికీ రాదు

ఆల్కహాల్‌కు ‘ఓల్’ ఉంది, ఆల్డిహైడ్‌కు ‘ఆల్’, కీటోన్‌కు ‘ఓన్’. ఈథర్‌కు అలాంటిదేమీ లేదు. హాలోజన్లు, నైట్రో సమూహాల వరుసలోనే ఆల్కాక్సీ కూడా. ఎప్పుడూ పూర్వపదంగానే వస్తుంది. ఇంకో ప్రమేయ సమూహం ఎదురైందంటే ఈథర్ తల వంచి పక్కకు తప్పుకోవాల్సిందే. ద్విబంధం ఉన్నా అంకెల్లో దానికే ముందు చోటు. అల్లైల్ మిథైల్ ఈథర్ పేరు 3-మిథాక్సీప్రొప్-1-ఈన్ అవుతుంది. మిథాక్సీకి చిన్న అంకె ఇద్దామని మొదలుపెడితే అంతా తలకిందులవుతుంది.

దీన్ని చెప్పడానికి నేను వంటింటి డబ్బాలే వాడేవాణ్ణి. లవంగ నూనెలో వాసన కొట్టే యూజినాల్ తీసుకోండి. బెంజీన్ వలయం మీద ఒక హైడ్రాక్సిల్, దాని పక్కనే మిథాక్సీ, మిథాక్సీకి ఎదురుగా కాకుండా హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురుగా మూడు కార్బన్ల అల్లైల్. హైడ్రాక్సిల్ ఉంది కాబట్టి మూలం ఫీనాల్, లెక్క దాని నుంచే మొదలు. 2-మిథాక్సీ-4-(ప్రొప్-2-ఈన్-1-ఐల్)ఫీనాల్. ఇప్పుడు ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలిన్ గీయండి. అందులోనూ హైడ్రాక్సిల్, దాని పక్కనే మిథాక్సీ. అల్లైల్ ఉన్న చోట మాత్రం ఆల్డిహైడ్ ఉంది. ఆల్డిహైడ్ రాగానే హైడ్రాక్సిల్ పెద్దరికం పోయింది, లెక్క ఆల్డిహైడ్ వైపు నుంచి మొదలైంది. 4-హైడ్రాక్సీ-3-మిథాక్సీబెంజాల్డిహైడ్. ఒకే మిథాక్సీ, హైడ్రాక్సిల్ పక్కనే కూర్చున్న అదే మిథాక్సీ, అక్కడ 2, ఇక్కడ 3. రెండు బొమ్మల్నీ పక్కపక్కన గీసి అంకెలు వేయించండి. పిల్లలకు ప్రాధాన్యతా క్రమం కంఠస్థం చేయించాల్సిన పని తప్పుతుంది.

సోంపు వాసననిచ్చే ఎనితోల్ కూడా మిథాక్సీ ఉన్నదే. కాకపోతే అందులో పరపదంగా వచ్చే సమూహం ఏదీ లేదు కాబట్టి మూలం ఒట్టి బెంజీన్.

5. అక్షర క్రమం ఇంగ్లీషుది, వర్ణమాలది కాదు

తెలుగు మీడియంలో చదివిన పిల్లల పేపర్లలో మాత్రమే కనబడే పొరపాటు ఇది. ఇంగ్లీషు పుస్తకాలు రాసేవాళ్ళకు దీని ఊసే తెలియదు. ప్రతిక్షేపకాలను అక్షర క్రమంలో రాయాలని మనం చెబుతాం. పిల్లవాడు బుద్ధిగా క, చ, ట, త, ప వరుసలో రాస్తాడు. క్లోరో ముందు, బ్రోమో వెనక. ఇంగ్లీషులో బ్రోమో ముందు రావాలి. ఈథర్లలోనూ అంతే. తెలుగు వరుసలో ప్రొపైల్, ఫీనైల్, బ్యుటైల్, మిథైల్. ఇంగ్లీషు వరుసలో బ్యుటైల్, మిథైల్, ఫీనైల్, ప్రొపైల్. దాదాపు తిరగబడింది. అందుకే ఎనిసోల్‌కు వాడుక పేరు మిథైల్ ఫీనైల్ ఈథర్ అని రాయాలి, ఫీనైల్ మిథైల్ ఈథర్ అని కాదు. తెలుగులో రాసినా సరే, వరుస వేసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగును మనసులో పెట్టుకోమని మొదటి రోజే చెప్పేయాలి.

టెర్షరీ, సెకండరీ అనే మాటలు వరుసకు లెక్కలోకి రావు, ఐసో లెక్కలోకి వస్తుంది. డై, ట్రై సాధారణంగా రావు. ఆ ‘సాధారణంగా’ సంగతి తర్వాతి పాఠంలో చెబుతాను.

పరిశ్రమ ఈ క్రమాన్ని పెద్దగా పట్టించుకోదని కూడా పిల్లలకు తెలియాలి. అందరూ ఎంటీబీఈ అనే ద్రావణి పూర్తి పేరు మిథైల్ టెర్షరీ బ్యుటైల్ ఈథర్. అక్షర క్రమం పాటిస్తే బ్యుటైల్ ముందుండాలి. ఎవరూ మార్చలేదు, మార్చరు కూడా. దాని క్రమబద్ధమైన పేరు 2-మిథాక్సీ-2-మిథైల్‌ప్రొపేన్.

6. బ్రాకెట్ అలంకారం కాదు

ఈ పాఠానికి ఆపరేషన్ థియేటర్ కంటే మంచి చోటు లేదు. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో విలియం మోర్టన్ అందరి ముందూ రోగికి ఈథర్ పీల్పించి, నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయించాడు. అది ఇథాక్సీఈథేన్. మంట అంటుకునే గుణమే దాని పెద్ద లోపం. చాలా కాలం తర్వాత దాని చోట వచ్చిన ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ కూడా ఈథర్లే. హైడ్రోజన్ల చోట హాలోజన్లు పెట్టి మంట బెడద తగ్గించారు. పేరులో ఈథర్ అన్న మాట వినబడదు కాబట్టి మెడికల్ సీటు వచ్చిన పిల్లలకు కూడా ఈ సంగతి తట్టదు.

ఐసోఫ్లూరేన్ బొమ్మ మాటల్లో చెబుతాను, మీరు గీయండి. రెండు కార్బన్ల గొలుసు. మొదటి కార్బన్ మీద మూడు ఫ్లోరిన్లు. రెండో కార్బన్ మీద ఒక క్లోరిన్, ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. ఆ ఆక్సిజన్‌కు అవతల రెండు ఫ్లోరిన్లున్న ఒంటరి కార్బన్. పెద్ద వైపు ఈథేన్. చిన్న వైపు డైఫ్లోరోమిథాక్సీ. పేరు: 2-క్లోరో-2-(డైఫ్లోరోమిథాక్సీ)-1,1,1-ట్రైఫ్లోరోఈథేన్.

వరుస చూడండి. క్లోరోకు ‘సి’. ట్రైఫ్లోరోలో ‘ట్రై’ ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క మాత్రమే, కాబట్టి దాన్ని వదిలేసి ‘ఎఫ్’ కింద పెట్టాం. డైఫ్లోరోమిథాక్సీలోని ‘డై’ని మాత్రం వదల్లేదు, ‘డి’ కిందే పెట్టాం. ఎందుకు? బ్రాకెట్ లోపల ఉన్నది ఒక పూర్తి సమూహం పేరు. ‘డై’ ఆ పేరులో భాగం. సి, డి, ఎఫ్. ఒకే పేరులో నియమమూ దాని మినహాయింపూ పక్కపక్కనే కనబడే ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు.

సీవోఫ్లూరేన్ ఇంకా గట్టి పాఠం చెబుతుంది. దాని పేరు 1,1,1,3,3,3-హెక్సాఫ్లోరో-2-(ఫ్లోరోమిథాక్సీ)ప్రొపేన్. బ్రాకెట్‌లో ఉన్న ఆ ఒక్క ఫ్లోరిన్‌ను బయటికి లాగి ప్రొపేన్ రెండో కార్బన్ మీద పెట్టారనుకోండి. 1,1,1,2,3,3,3-హెప్టాఫ్లోరో-2-మిథాక్సీప్రొపేన్ అవుతుంది. నాలుగు కార్బన్లు, మూడు హైడ్రోజన్లు, ఏడు ఫ్లోరిన్లు, ఒక ఆక్సిజన్. అణుఫార్ములాలో ఒక్క పరమాణువు తేడా లేదు. పదార్థం మాత్రం వేరు, రోగికి ఇచ్చేది అది కాదు.

7. ఆక్సిజన్ వలయంలోనే ఉంటే

ఇక్కడ అటూ ఇటూ అనే పేచీ లేదు. మూడు సభ్యుల వలయం ఆక్సిరేన్, నాలుగైతే ఆక్సిటేన్, ఐదైతే ఆక్సోలేన్, ఆరైతే ఆక్సేన్. అంకెలు ఆక్సిజన్ నుంచే మొదలవుతాయి. మనం టీహెచ్‌ఎఫ్ అనేదే ఆక్సోలేన్. ప్రొపిలీన్ ఆక్సైడ్‌ను 2-మిథైల్‌ఆక్సిరేన్ అనొచ్చు, 1,2-ఎపాక్సీప్రొపేన్ అని కూడా అంటారు. రెండు పేర్లలోని 2 వేర్వేరు లెక్కలది, అది గుర్తుంటే చాలు.

గొలుసులో నాలుగు ఆక్సిజన్లు, అంతకు మించి వచ్చినప్పుడు మిథాక్సీఇథాక్సీఇథాక్సీ అని బ్రాకెట్లో బ్రాకెట్ పెట్టుకుంటూ పోవడం కంటే, ఆక్సిజన్లను కూడా గొలుసులో కలిపి లెక్కపెట్టి ‘ఆక్సా’ అనడం మేలు. ట్రైగ్లైమ్ పేరు 2,5,8,11-టెట్రాఆక్సాడోడెకేన్ అయింది అలాగే. ఈ పద్ధతిని ఇంటర్ పిల్లలకు చెప్పకండి. మామూలు ఈథర్లలో కూడా ఆక్సిజన్‌ను గొలుసులో లెక్కపెట్టేస్తారు.

క్రమబద్ధమైన పేరుకు ఒక హద్దు ఉంటుందని చెప్పడానికి నేను చార్లెస్ పెడర్సన్ కథ చెబుతాను. డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ వలయంగా ఉన్న పాలీఈథర్లను తయారుచేశాడు. వాటి సంగతి 1967లో ప్రచురించాడు. నియమాల ప్రకారం వాటి పేర్లు ఒక వాక్యమంత అయ్యేవి. ఆయన కిరీటం ఆకారం చూసి క్రౌన్ ఈథర్లు అన్నాడు. 18-క్రౌన్-6 అంటే వలయంలో మొత్తం పద్దెనిమిది పరమాణువులు, అందులో ఆరు ఆక్సిజన్లు. దాని అసలు పేరు 1,4,7,10,13,16-హెక్సాఆక్సాసైక్లోఆక్టాడెకేన్. 1987లో డొనాల్డ్ క్రామ్, జాన్ మరీ లెన్‌లతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ముద్దుపేరు పెట్టినందుకు ఎవరూ తప్పుపట్టలేదు. కానీ చూడండి, ఆ ముద్దుపేరులో కూడా లెక్క ఉంది.

8. పేరును చూసి తయారీ ఊహించకండి

2-మిథాక్సీ-2-మిథైల్‌ప్రొపేన్ అని చదవగానే పిల్లవాడు ఏమనుకుంటాడు? మిథాక్సీ ఉంది, కాబట్టి సోడియం మిథాక్సైడ్ తీసుకోవాలి. 2-బ్రోమో-2-మిథైల్‌ప్రొపేన్‌తో కలపాలి. విలియమ్సన్ సంశ్లేషణ అయిపోయింది. పరీక్షల్లో ఏటా అడిగే ఉచ్చు ఇదే. అలా కలిపితే వచ్చేది ఈథర్ కాదు, 2-మిథైల్‌ప్రొపీన్. టెర్షరీ కార్బన్ మీదికి మిథాక్సైడ్ చేరలేదు. పక్కనున్న హైడ్రోజన్‌ను లాక్కుపోతుంది, విలోపన చర్య జరుగుతుంది. ఈథర్ కావాలంటే సోడియం టెర్షరీ బ్యుటాక్సైడ్, మిథైల్ హాలైడ్ తీసుకోవాలి. పేరు ఆక్సిజన్‌ను మిథైల్‌కు కట్టింది, ఫ్లాస్కులో మాత్రం ఆక్సిజన్ టెర్షరీ బ్యుటైల్‌తో రావాలి. పేరు పెట్టేవాళ్ళు చూసేది గొలుసు పొడవు, చర్య చూసేది ఇంకోటి.

అలాగే 1,1-డైమిథాక్సీఈథేన్ పేరులో రెండు ఆల్కాక్సీలున్నాయి కదా అని రెండు ఈథర్లనుకోకండి. రెండు ఆక్సిజన్లూ ఒకే కార్బన్ మీద ఉన్నాయి, అది ఎసిటాల్. మామూలు ఈథర్ జోలికి వెళ్ళని సజల ఆమ్లం దీన్ని విడగొట్టేస్తుంది. పేరులో రెండు అంకెలూ 1 అని చెబుతూనే ఉంది, మనమే వినం.

9. సీసా మీది పేరు నమ్మే ముందు

ఒక కాలేజీ ల్యాబ్‌లో కళ్ళారా చూసింది చెబుతాను. గ్రిన్యార్డ్ కారకం చేయిస్తున్నారు. ఫ్లాస్కులో మెగ్నీషియం తురుము, బ్రోమోబెంజీన్, చిటికెడు అయోడిన్. మామూలుగా అయితే కాసేపటికి అయోడిన్ రంగు పోయి, ద్రవం మసకబారి, తనంతట తానే మరగడం మొదలవ్వాలి. ఏమీ లేదు. అయోడిన్ రంగు అలాగే ఉంది. అరచేతుల్లో పట్టుకొని వెచ్చజేశారు, లోహాన్ని గాజు కడ్డీతో నలిపారు, ఇంకాస్త అయోడిన్ వేశారు. అయినా కదల్లేదు. ద్రావణి సీసా తెప్పించి చూస్తే పెట్రోలియం ఈథర్. “సార్, దాని మీద ఈథర్ అనే ఉంది కదా” అన్నాడు కుర్రాడు. స్టోర్‌లో అతనికి ఈథర్ కావాలంటే ఇచ్చిన సీసా అది.

పెట్రోలియం ఈథర్‌లో ఈథర్ లేదు. పెంటేన్లు, హెక్సేన్లు లాంటి తేలిక హైడ్రోకార్బన్ల మిశ్రమం అది. 40–60, 60–80 డిగ్రీలని మరిగే హద్దు చూసి అమ్ముతారు. అందులో ఆక్సిజన్ ఒక్కటి కూడా లేదు. గ్రిన్యార్డ్‌కు కావాల్సిందే ఆ ఆక్సిజన్, దాని ఒంటరి జంటలు మెగ్నీషియాన్ని పట్టి నిలబెడతాయి. ఇంకో పక్క సల్ఫ్యూరిక్ ఈథర్ అనే పాత పేరు ఉంది. అందులో గంధకం లేదు. ఆల్కహాల్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసి తీసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. అది మన ఇథాక్సీఈథేనే.

జీడిమెట్ల, పాశమైలారం బల్క్ డ్రగ్ యూనిట్లలో చేరే పిల్లలకు నేను చెప్పేది ఇది. డ్రమ్ము మీద డైఇథైల్ ఈథర్ అనొచ్చు, ఇథైల్ ఈథర్ అనొచ్చు, ఇథాక్సీఈథేన్ అనొచ్చు, 1,1′-ఆక్సీబిస్ఈథేన్ అనొచ్చు. అన్నీ ఒకటే. సందేహం వస్తే సీఏఎస్ నంబరు చూడండి, 60-29-7. పేరు ఎలా రాసినా నంబరు మారదు. మన వేసవిలో దాని మూత తీసేటప్పుడు జాగ్రత్త కూడా చెప్పాలి. అది మరిగేది 35 డిగ్రీల దగ్గర, మే నెలలో గది అంతకంటే వేడిగా ఉంటుంది.

క్రమబద్ధమైన పేరు ప్రమాదాన్ని కూడా చెప్పగలదు, చదవడం వస్తే. డైఐసోప్రొపైల్ ఈథర్ పేరు 2-(ప్రొపాన్-2-ఐలాక్సీ)ప్రొపేన్. రెండు వైపులా 2 అన్న అంకె ఉంది. అంటే ఆక్సిజన్‌కు ఆనుకొని ఉన్న రెండు కార్బన్లూ సెకండరీ, ఒక్కోదాని మీద సులువుగా ఊడే హైడ్రోజన్ ఒకటి. గాలి తగిలితే పెరాక్సైడ్లు త్వరగా కట్టే అమరిక అది. తెరిచి చాలాకాలం ఉంచిన అలాంటి సీసాను పెరాక్సైడ్ పరీక్ష చేయకుండా స్వేదనానికి పెట్టకూడదు. మూతి చుట్టూ స్ఫటికాలు కనబడితే అసలు ముట్టుకోకూడదు. ఎంటీబీఈలో ఒక వైపు టెర్షరీ కార్బన్, దాని మీద హైడ్రోజనే లేదు. ఇంకో వైపు మిథైల్, అక్కడి హైడ్రోజన్ అంత సులువుగా ఊడదు. అందుకే అది నెమ్మది. ఇదంతా పేరులోనే ఉంది.

10. పేరు రాశాక మళ్ళీ బొమ్మ గీయండి

బొమ్మ నుంచి పేరు రాయించడం అందరూ చేస్తారు. రాసిన పేరును పక్కవాడికిచ్చి, బొమ్మ చూడకుండా గీయించండి. రెండు బొమ్మలూ కలవకపోతే తప్పెక్కడుందో వాళ్ళే వెతుక్కుంటారు, మీరు నోరు విప్పక్కర్లేదు.

నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్‌తో ఈథర్లు మూడే. ఇథాక్సీఈథేన్, 1-మిథాక్సీప్రొపేన్, 2-మిథాక్సీప్రొపేన్. ఇవి నేనే ఇచ్చేశాను. ఇప్పుడు ఇంకో కార్బన్, రెండు హైడ్రోజన్లు కలపండి. ఐదు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఈథర్లన్నీ గీసి పేర్లు రాయండి. జవాబులు చెప్పను, గుర్తులు మాత్రం చెబుతాను. నాలుగు మిథాక్సీతో మొదలవుతాయి, రెండు ఇథాక్సీతో. వాటిలో ఒకదానిలో కైరల్ కార్బన్ ఉంది, అదేదో గుర్తుపట్టండి. మీకు ఏడో పేరు వచ్చిందంటే ఒకే ఈథర్‌కు రెండు పేర్లు పెట్టారన్నమాట. పెద్ద వైపు ఏదో ఇంకోసారి చూసుకోండి.